గ్లాసు మీద పడ్డ చెయ్యి

మా అత్తగారు కితేరియా మాటకి ఎదురు చెప్పి బతికి బట్టకట్టినవాళ్ళు మా లోయలో తక్కువ. అందులోనూ మేం ఇంట్లో చేసుకునే రతఫియా అనే మద్యం గురించి అయితే ఇక చెప్పక్కర్లేదు. పచ్చి అక్రోటు కాయలు జూన్ నెలాఖరులో వచ్చే సెయింట్ జాన్ పండగ నాటికే కోసెయ్యాలని, సూది గుచ్చితే అవతలికి వచ్చేంత లేతగా ఉంటేనే సారాలో వెయ్యడానికి పనికొస్తాయని ఆవిడ అంటే నేను ఒప్పుకుంటాను. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ కాయలు తరిగి వేళ్ళు నల్లబడ్డదాన్ని, నాకూ తెలుసు. రతఫియా అన్న మాట ఎక్కడ పుట్టిందన్న దాని మీద మాత్రం నాకే పట్టింపూ లేదు. పాలు పితుక్కునే మనిషికి లాటిన్‌తో ఏం పని?

ఆవిడకి మాత్రం పట్టింపే. ఎప్పుడో ముగ్గురు బిషప్పులు ఒక తగవు తీర్చడానికి మన కొండల్లోనే ఎవరో రైతు ఇంట్లో కూడారట. పొద్దుటి నుంచీ గొంతులు పోయేలా వాదించుకుని చివరికి ఒక ఒప్పందానికి వచ్చారట. ఆ ఇంటావిడ అక్రోటు కాయలూ కొండ మూలికలూ నానబెట్టిన నల్లటి మద్యం తెచ్చి పోసిందట. దానికి అప్పటికి పేరు లేదు. ఒక బిషప్పు గ్లాసెత్తి లాటిన్‌లో 'రతా ఫియాత్' అన్నాడట. ఒప్పందం ఖాయమగుగాక అని దానర్థం. ఆ మాటే దానికి పేరై కూర్చుందట. చిన్నప్పుడు ఆవిడకి ఈ కథ చర్చి ఫాదర్ ఒకాయన చెప్పాడు. చెప్పి ఆయన హాయిగా స్వర్గానికి వెళ్ళిపోయాడు, ఏటేటా వినడం మా వంతయింది.

నవ్వుతున్నాను గానీ, మా ఇల్లు నిలబడింది ఆ కథ మీదే. మాది సొలానా, అంటే ఎండవైపు ఇల్లు. లోయకి అవతల, మాకంటే ఎత్తులో, ఎవుదాల్ వాళ్ళ ఒబాగా ఉంది. అది నీడవైపు ఇల్లు. ఊట వాళ్ళ భూమిలో ఉంది, అక్రోటు చెట్టూ వాళ్ళదే. మాకున్నదల్లా ఎండ. తాతల నాడు కుదిరిన బేరం ప్రకారం ఊటలో సగం నీళ్ళు గొట్టంలో మా ఆవులకి వస్తాయి, బదులుగా చలికాలమంతా వాళ్ళ మేకలు మా ఎండవాలులో మేస్తాయి. రతఫియాకి కూడా కాయలు వాళ్ళవి, మూలికలు మావి. జాడీని మా గోడ మీదే పెడతాం, పగలు ఎండ తాగాలి, రాత్రి మంచు తాగాలి. వాళ్ళ గోడ మీద పెడితే అది నానదు, మూలుగుతుంది.

ఇంత బేరానికీ ఒక్క కాగితం ముక్క లేదు. నవంబరులో కింద పట్నంలో రతఫియా సంత జరిగే ఆదివారం నాడు పైయింటి పెద్ద, ఇప్పుడైతే ఎవుదాల్, మా ఇంటికి భోజనానికి వస్తాడు. తిన్నాక మా అత్తగారు బిషప్పుల కథ చెప్పి, కొత్త రతఫియా రెండు గ్లాసుల్లో పోస్తుంది. రెండిళ్ళ పెద్దలూ, అంటే ఆవిడా అతనూ, తాగితే వచ్చే సంతదాకా మాట నిలిచినట్టు. తాగి మాట తప్పినవాడు ఇంతవరకూ పుట్టలేదు.

ఆ ఏడు అలా జరుగుతుందా అని నాకు దడ పట్టుకుంది. మూడేళ్ళుగా సరైన వాన లేదు. మా ఎండవాలులో గడ్డి మాడి చీపురు పుల్లల్లా నిలబడింది, మేకలు మూతి కూడా పెట్టవు. అంటే ఎవుదాల్‌కి మా నుంచి వచ్చేది సున్నా. ఊట చూస్తే బొటనవేలు లావు ధార. అందులో సగం మాకిస్తే అతని మేకల నోళ్ళు ఎండుతాయి. ఇదంతా నాకు తెలుసు. తెలిసినా నాకు నీళ్ళు కావాలి. నీళ్ళు రాకపోతే మంద మొత్తం అమ్ముకోవాలి, ఆ మంద నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ నా చేతుల మీద పెరిగింది. రోసా పితికేటప్పుడు తోకతో కొడుతుంది. బ్రూనా నేను పాట పాడితే తప్ప పాలు చేపదు. వాటి తల్లుల్నీ అమ్మమ్మల్నీ పితికినదాన్ని. మా ఆయన గాల్దరిక్‌కి ఆవులంటే ఆస్తి. నాకు అలా కాదు.

సంత రోజు పొద్దున్నే మేం ముగ్గురం పట్నం వెళ్ళాం. మునిసిపాలిటీ హాల్లో ఏదో ఉపన్యాసం పెట్టారు. బార్సిలోనా నుంచి డాక్టర్ సున్యే అనే ఆవిడ, మందులిచ్చే డాక్టరు కాదు, మాటల మీద చదువుకున్న డాక్టరు, రతఫియా అన్న మాట పుట్టుక గురించి మాట్లాడుతుందట. మా అత్తగారు నల్ల కోటు వేసుకుని వెళ్ళి ముందు వరసలో మధ్య కుర్చీలో కూర్చుంది. బిషప్పుల కథ ఆ డాక్టరమ్మ సరిగ్గా చెబుతుందా లేదా చూద్దామని ఆవిడ ఉద్దేశం.

డాక్టరమ్మ మంచి మనిషి. ఎవరినీ చిన్నబుచ్చలేదు. ఫ్రెంచివాళ్ళు మూడొందల ఏళ్ళకి పైగా ఈ మాట రాస్తున్నారని, కరీబియన్ దీవుల్లో చెరకు సారాని తాఫియా అనేవాళ్ళని, ఆ దీవుల మాటే ఓడలెక్కి ఈ ఒడ్డుకి వచ్చి ఉంటుందని ఎక్కువమంది పండితులు అనుకుంటారని చెప్పింది. లాటిన్ కథ అందంగా ఉంది గానీ దానికి ఆధారం దొరకలేదంది. "మాటలూ మనుషుల్లాంటివే. నాలుగు డబ్బులు చేతికొచ్చాక గొప్ప తాతల్ని వెతుక్కుంటాయి" అనేసరికి హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి మా అత్తగారి వైపు చూశాను, నవ్వు ఆగిపోయింది.

ఆవిడ లేచి నిలబడింది. "అయితే తల్లీ, బిషప్పులు అబద్ధమా?"

"అబద్ధమని నేననను పెద్దమ్మా. నిజమని చెప్పలేనంటాను."

"లాటిన్ కంటే ఓడలే నిజానికి దగ్గర, అంతేనా?"

"నా మటుకు నాకు అలాగే అనిపిస్తుంది. ఖాయంగా ఎవరికీ తెలియదు."

"సరే తల్లీ, దేవుడు నిన్ను చల్లగా చూడాలి" అని మా అత్తగారు కూర్చుంది. ఇంటికి వచ్చేదాకా వ్యానులో ఒక్క ముక్క మాట్లాడలేదు. గాల్దరిక్ నన్ను మోచేత్తో పొడిచి, "అమ్మకి ఒంట్లో బాగాలేదేమో" అన్నాడు. ముప్పై ఏళ్ళలో ఆవిడ అంతసేపు నోరు మూసుకోవడం ఇదే మొదలు, ఆ అనుమానం సహజమే.

ఎవుదాల్ మధ్యాహ్నానికి వచ్చాడు. యాభై దాటినవాడు, పెళ్ళి చేసుకోలేదు, మేకలతో మాట్లాడినంత ధారాళంగా మనుషులతో మాట్లాడలేడు. టై కట్టుకొచ్చాడు. కాల్చిన సాసేజీలు, తెల్ల చిక్కుడు గింజలు వడ్డించాను. ప్లేటులో గింజల్ని అటూ ఇటూ దొర్లించాడే గానీ తిన్నది లేదు. నీళ్ళ ఊసు అతనూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. వానల గురించి కూడా ఎవరం మాట్లాడలేదు, అదంతా ఒకే పుండు గదా.

గాల్దరిక్ సీసా తెచ్చి తల్లి ముందు పెట్టాడు. ఆవిడ రెండు గ్లాసుల్లో పోసింది. అక్రోటు, సోపు, దాల్చినచెక్క, కొండ పుదీనా, అన్నీ కలిసిన వాసన గదంతా పట్టుకుంది. ఇక కథ మొదలవ్వాలి. ఎవుదాల్ తల వంచుకుని కూర్చున్నాడు. కథ రాలేదు. కాసేపు చూసి, తనే మొహమాటంగా గ్లాసు ఎత్తాడు. 'తాగు నాయనా తాగు, తాగేస్తే ఓ పనైపోతుంది' అని నేను లోపల దండకం చదువుతున్నాను. గ్లాసు అతని పెదవుల దాకా వెళ్ళింది.

అప్పుడు మా అత్తగారు చెయ్యి చాపి ఆ గ్లాసు మూతి మీద అరచెయ్యి పెట్టేసింది.

"ఆగు ఎవుదాల్."

"ఏమైంది పెద్దమ్మా?"

"ఇన్నేళ్ళూ మీ నాన్నకీ, ఆయన తర్వాత నీకూ, బిషప్పుల కథ చెప్పి ఇది తాగించాను. ఆ మాటకి అర్థం ఒప్పందమని చెప్పి మిమ్మల్ని కట్టేశాను. అది నిజం కాకపోవచ్చట. ఓడల మీద కళాసీలు తాగే సారా పేరట ఇది. కళాసీ ఎవరికో ఆయుష్షు కోరి తాగుతాడు, పొద్దున్నే లంగరెత్తి పోతాడు. నువ్వు తాగదలిస్తే అలాగే తాగు. నీళ్ళకీ దీనికీ ముడిపెట్టకు."

"అత్తయ్యా!" అన్నాను. "ఇప్పుడెందుకండీ ఆ గోలంతా?"

"నువ్వుండమ్మాయ్. నీళ్ళిస్తావో లేదో నీ ఇష్టం ఎవుదాల్. లేదంటే లేదని చెప్పు. నిన్నెవరూ ఏమీ అనరు, అన్నవాళ్ళ సంగతి నేను చూస్తాను."

అతని మొహం చెవుల దాకా ఎర్రబడింది. గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఒక్క చుక్క తాగలేదు. "నాకు కాస్త టైమివ్వండి పెద్దమ్మా" అని, టోపీ తీసుకుని, గొళ్ళెం తియ్యడానికి రెండు సార్లు తడబడి వెళ్ళిపోయాడు.

తలుపు పడగానే నా నోరు తెరుచుకుంది. "చేతికందింది నోటికి అందకుండా చేశారు గదండీ! అది కూడా అతని నోటికి! మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె అన్నట్టుంది మీ నిజాయితీ. ఆవులకి ఏం పొయ్యను? మీ నిజాయితీని బకెట్లో కలిపి పొయ్యనా?"

"అరవకు. ఎండు గొంతు నొప్పెడుతుంది."

"కథ నిజమో కాదో అతనికేం తెలుసు? ఎవరికి తెలుసు?"

"ముందు వరసలో కూర్చుని విన్నది నేనేగా" అందావిడ. "తక్కెడలో తేడా ఉందని తెలిసి కూడా తూచేవాణ్ణి ఏమంటాం? నేను ఆ పని చెయ్యను."

గాల్దరిక్‌కి ఉన్నట్టుండి కొట్టంలో పని గుర్తొచ్చింది. మా గొంతులు లేచినప్పుడల్లా ఆయనకి కొట్టంలో పనులు పుడతాయి.

ఆ వారం నేను ఆవిడతో పలకలేదు. గొట్టంలోంచి వచ్చే నీళ్ళు రోజురోజుకీ సన్నబడ్డాయి. పశువుల దళారీకి ఫోన్ చేశాను. వచ్చి, కొట్టంలో తిరిగి, ఒక్కోదాని నోరు తెరిచి చూసి, పొదుగు నొక్కి, మొత్తం మంద కొంటానన్నాడు, గురువారం లారీ తెస్తానన్నాడు. అతను వెళ్ళాక బ్రూనా మెడ మీద మొహం పెట్టుకుని ఏడ్చాను. ఏడ్చి కళ్ళు తుడుచుకుని వెనక్కి తిరిగితే, మా అత్తగారు తను మొహం కడుక్కున్న నీళ్ళు చిన్న బకెట్లో మోసుకొచ్చి దూడల తొట్టిలో పోస్తోంది. ఎనభై నాలుగేళ్ళ మనిషి, దారిలో రెండు చోట్ల ఆగి ఊపిరి తీసుకుంటోంది. తప్పు చేశానని ఒక్క మాట అనలేదు. నాకు జాలీ కోపమూ ఒకేసారి పొంగుకొచ్చాయి, ఏది ముందో తెలియక బకెట్టు లాక్కుని వెళ్ళిపోయాను.

బుధవారం మధ్యాహ్నం వంటింట్లో ఆవిడ ఆ చివర, నేను ఈ చివర కూర్చుని చెస్ట్‌నట్ కాయలు ఒలుస్తున్నాం. ఎవుదాల్ వచ్చాడు. ఈసారి టై లేదు, చేతిలో గుడ్డలో చుట్టిన మేకపాల చీజ్ ముద్ద ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పెద్దమ్మా, ఆ రోజు నేను తాగేవాణ్ణే."

"తెలుసు."

"తాగి ఇంటికి వెళ్ళి, ఊట దగ్గర మీ గొట్టానికి రాయి అడ్డం పెట్టేవాణ్ణి." అతను మా ఇద్దరిలో ఎవరి మొహమూ చూడటం లేదు, చీజ్ ముద్దతో మాట్లాడుతున్నట్టున్నాడు. "ఊట ఎండిపోయిందని చెబుదామనుకున్నా. ఈ కరువులో ఎవరు కాదంటారు? కాదని చెప్పడానికి నోరు రాక, తాగి మోసం చేద్దామనుకునే వచ్చాను. రాయి కూడా చూసి పెట్టుకున్నాను."

నా చేతిలో కత్తి ఆగిపోయింది. అంటే ఆ రోజు అతను గ్లాసు ఖాళీ చేసి ఉంటే, నేను సంబరంగా తొట్టి కడుక్కుని కూర్చుని ఉంటే, మాకు మాట మిగిలేది, నీళ్ళు వచ్చేవి కావు. ఊట ఎండిందని అతను చెబితే నమ్మి, పాపం అని అతనికే వేడి సూపు పంపి ఉండేదాన్ని.

"మీరు చెయ్యి అడ్డం పెట్టారు" అన్నాడు ఎవుదాల్. "ఇవ్వకపోయినా ఏమీ అననన్నారు. అప్పటి నుంచీ నాకు నిద్ర లేదు. కట్టేసినప్పుడు తెంపుకుందామని చూశాను. విప్పేశాక రోజూ వెళ్ళి మీ గొట్టం దగ్గర నిలబడుతున్నాను. మేకలు తాగేదెంతో బకెట్లతో కొలిచి చూశాను. సగం ఇవ్వలేను పెద్దమ్మా. సగం అంటే అబద్ధమవుతుంది. మూడో వంతు ఇవ్వగలను. అది నిజంగా ఇవ్వగలను."

మా అత్తగారు చేతిలో కాయ పక్కన పెట్టింది. "మూడో వంతు ఎక్కువ" అంది. "మా దగ్గర గడ్డి లేదు, ఈ ఏడు నీకు తిరిగి ఇచ్చేదేమీ లేదు. పావు చాలు."

"లేదు పెద్దమ్మా, మూడో వంతు."

"నీ మేకలకి ఈనే రోజులొస్తున్నాయి. పాలిచ్చేదానికి నీళ్ళెక్కువ కావాలి. పావు."

"అన్నీ లెక్కేసే చెబుతున్నాను. మూడో వంతు."

"మొండికెయ్యకురా. పావన్నానా!"

నా తల తిరిగిపోయింది. లోకంలో బేరాలన్నీ ఒక వైపు నడిస్తే వీళ్ళది ఇంకో వైపు నడుస్తోంది. అవతల రేపు లారీ వస్తోంది. ఇవతల ఈవిడ, వచ్చిన నీళ్ళని వెనక్కి తోస్తోంది. అయినా నిజం చెప్పాలంటే, ఆ క్షణాన ఆ ఇద్దరినీ చూస్తే నాకు దణ్ణం పెట్టాలనిపించింది. ఒకరు తనకి లాభమొచ్చే అబద్ధాన్ని బల్ల మీదే తుంచేసింది. ఒకరు ఎవరూ పట్టుకోలేని దొంగతనాన్ని తనంతట తనే వచ్చి ఒప్పుకున్నాడు. ఇలాంటివాళ్ళ మధ్య బతుకుతూ, నేనింతకాలం ఆవుల పొదుగులు చూసినంత శ్రద్ధగా మనుషుల్ని చూడలేదనిపించింది.

"మీరిద్దరూ కాసేపు నోళ్ళు మూస్తారా!" అన్నాను.

మూశారు. నేను లేచి అలమరలోంచి సీసా తీసి, దగ్గరున్న కాఫీ గ్లాసులో రతఫియా పోశాను.

"వినండి. నీళ్ళు మూడో వంతు. ఊట ఇంకా తగ్గితే ఎవుదాల్ స్వయంగా వచ్చి చెప్పాలి, రాళ్ళూ రప్పలూ వద్దు. ఎండవాలులో గడ్డి మొలిచిన రోజు మొదటి మేత అతని మేకలది, ఆ తర్వాతే మా ఆవులది. మూడో వంతుతో ఎన్ని ఆవులు బతుకుతాయో అన్నే ఉంచుకుంటాం. ఇందులో ఎవరికైనా కష్టంగా ఉంటే ఇప్పుడే చెప్పండి."

ఎవరూ చెప్పలేదు. నేను గ్లాసెత్తి గటగటా తాగేశాను. గొంతులో ముందు తీపి, వెనకాల చేదు దిగాయి. మా ఇంట్లో ఆ మాట మీద తాగడం ఇంటి పెద్దకి తప్ప ఎవరికీ లేదు. అది తాగేశాక గుర్తొచ్చింది.

ఎవుదాల్ నోరు తెరిచి చూస్తున్నాడు. నెమ్మదిగా అడిగాడు. "మరి... బిషప్పులు?"

"బిషప్పులూ లేరు, కళాసీలూ లేరు. ఈ వంటింట్లో ముగ్గురం ఉన్నాం. చాలదా?"

అతను అలమరలోంచి ఒక గ్లాసు తనే తెచ్చుకుని, నా ముందు పట్టాడు. పోశాను. తాగాడు. ఈసారి ఎవరూ చెయ్యి అడ్డం పెట్టలేదు.

మా అత్తగారు ఒళ్ళోని తొక్కలు దులుపుకుని లేచింది. నా మీద పడుతుందనే అనుకున్నాను. ఆవిడ పౌరుషాలకి నాకు ఏళ్ళ తరబడి అలవాటు. కానీ బల్ల దాకా వచ్చి, ఇన్నేళ్ళూ అందరికీ పోసిన మనిషి, ఖాళీ గ్లాసు నా వైపు జరిపింది.

"నాక్కూడా పొయ్యి, యజమానురాలా" అంది. అమ్మాయ్ అనలేదు. "పోసి, ఆ దళారీకి ఫోన్ చెయ్యి. మంద మొత్తం అమ్మడం లేదని చెప్పు. ఏవేవి పంపాలో ఇక నన్నడక్కు. అది నువ్వే చెప్పాలి."

పోశాను. కొంచెం బల్ల మీద ఒలికింది. ఆవిడ దాన్ని చేత్తో తుడిచేసింది. ఫోన్ తీసుకుని కొట్టంలోకి నడిచాను. నా వాసన పసిగట్టి ఆవులన్నీ ఒకేసారి తలలు తిప్పాయి. వాటి మధ్య నిలబడి, ఒక్కోదాని మొహమే చూస్తూ, ఫోన్‌లో దళారీకి, పంపేవాటిలో ముందు రోసా పేరు చెప్పాను.